ఆటవస్తువుల చుట్టూ అల్లిన అనిమేలలో ఆటను నిజంగా చూపించేవి ఏవి?

ప్రశ్న
అటక_పుస్తకాలగది (తిరుపతి, బైరాగిపట్టెడ)

వేసవి సెలవుల్లో మా వీధిలోని ఎనిమిదేళ్ళ నుండి పదమూడేళ్ళ వరకు వయసున్న పిల్లల కోసం ఒక చిన్న చదువుల గదిని నడుపుతున్నాము. పొద్దున పుస్తకాలు చదివించి, ఎండ తగ్గేవరకు ఏదైనా ఒక అనిమే (జపాను కార్టూన్ ధారావాహిక)లోని ఒకటి రెండు భాగాలు చూపించి, సాయంత్రం ఆ కథలో ఉన్న ఆటనే పిల్లల చేత ఆడించాలని ఈసారి అనుకున్నాము. అందుకోసం పిల్లల ఆటలు, ఆటవస్తువులే కేంద్రంగా సాగే ధారావాహికలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తున్నాను.

వీటిలో చాలావరకు బొమ్మలు అమ్ముకోవడానికి పుట్టినవే. అది దాచవలసిన విషయమూ కాదు, అంతమాత్రాన తోసిపుచ్చవలసిన విషయమూ కాదు. నేను పెట్టుకున్న కొలబద్ద వేరు. కథానాయకుడు గెలిచినప్పుడు, చూస్తున్న పిల్లవాడు ‘ఇతడు ఇందువల్ల గెలిచాడు’ అని ఆట భాషలోనే చెప్పగలుగుతున్నాడా లేదా అన్నదే ఆ కొలబద్ద.

ఈ లెక్కన చూస్తే 2001లో మొదలైన బేబ్లేడ్ నాకు నిరాశ కలిగించింది. తకావో అఓకి 1999లో కోరోకోరో పత్రికలో మొదలుపెట్టిన మాంగా (జపాను బొమ్మల కథ) ఆధారంగా, తకారా సంస్థ తయారుచేసిన బొంగరాల చుట్టూ అల్లిన కథ అది. పోటీ బిగుసుకున్న ప్రతిసారీ బొంగరంలోంచి ఒక దైవమృగం లేస్తుంది, సుడిగాలి వీస్తుంది, ఎదుటివాడి బొంగరం గోదా దాటి పడిపోతుంది. బొంగరం గురించి పిల్లవాడు నేర్చుకున్నది ఏమీ లేదు. యు-గి-ఓ డ్యూయల్ మాన్‌స్టర్స్ ఇంకా విచిత్రం. అది చీట్లాట కథ; సముద్రపు జీవుల చీట్లతో ఆడే ప్రత్యర్థి మీద కథానాయకుడు యుగి తన రాతి సైనికుడిని పంపి ఆకాశంలోని చంద్రుడినే కొట్టిస్తాడు, దాంతో ఆటుపోటు వెనక్కి తగ్గి ఎదుటివాడి బలగమంతా గట్టున పడుతుంది. చూడడానికి ముచ్చటగానే ఉంది కానీ, ఇంట్లో చీట్లు పరుచుకున్న పిల్లవాడు కొట్టడానికి చంద్రుడిని ఎక్కడి నుండి తెస్తాడు?

దీనికి ఎదురుగా, గో అనే రాళ్ళ పలక ఆట మీద నడిచే హికారు నో గో, పద్యాల చీట్ల ఆట మీద నడిచే చిహాయాఫురు వంటివి ఉన్నాయి. వాటిలో అమ్మకానికి పెట్టిన ప్రత్యేకమైన బొమ్మ ఏదీ లేదు, ఆట మాత్రమే ఉంది. అయితే అవి నెమ్మదిగా సాగుతాయి, పైగా తెర కింద వచ్చే అనువాదపు అక్షరాలను అంత వేగంగా చదవడం మా చిన్నపిల్లల వల్ల కాదు.

నా కొలబద్ద న్యాయమైనదేనా, దీని ప్రకారం మొదట వేటిని చూపించాలి అన్నవి నా ప్రశ్నలు. ఖరీదైన వస్తువులు కొనే స్తోమత మాకు లేదన్న సంగతిని కూడా దృష్టిలో పెట్టుకోవలసిందిగా కోరుతున్నాను.


జవాబు
భౌతికం_మాస్టారు (చిత్తూరు)

కొలబద్ద మంచిదేనండీ, దానితో బేబ్లేడ్‌ను కొలిచిన తీరుతోనే నాకు పేచీ. మీరు మొదటి ధారావాహికను మాత్రమే చూసి తీర్పు చెప్పినట్టున్నారు. 2009లో వచ్చిన మెటల్ ఫ్యూజన్‌లో ర్యూగా అనే ప్రతినాయకుడి ఎల్-డ్రాగో బొంగరం మిగతావారి బొంగరాలకు వ్యతిరేక దిశలో, అంటే ఎడమవైపుకు తిరుగుతుంది. అది ఎదుటి బొంగరం శక్తిని పీల్చుకుంటుందని కథలో చెబుతారు. మీరు దీనిని కూడా మృగాల మాయల జాబితాలో వేసే ఉంటారు. కానీ అందులో సగానికి పైగా నిజం ఉంది.

రెండు బొంగరాలు ఒకే దిశలో తిరుగుతున్నప్పుడు, అవి తాకే చోట ఒకదాని అంచు ముందుకు పోతుంటే రెండవదాని అంచు వెనక్కి వస్తుంటుంది కనుక తాకిడి బలంగా ఉండి రెండూ విసురుగా విడిపోతాయి. వ్యతిరేక దిశల్లో తిరుగుతున్నప్పుడు మాత్రం తాకే చోట రెండు అంచులూ ఒకే వైపుకు కదులుతుంటాయి, తాకిడి మెత్తగా ఉంటుంది, వేగంగా తిరిగేది నెమ్మదిగా తిరిగేదానికి తన భ్రమణాన్ని కొంత అందిస్తుంది. అందువల్ల ఎడమవైపుకు తిరిగే బొంగరం వేగం తగ్గిన దశలో కూడా ఎదుటిదాని వేగాన్ని పంచుకుని ఇంకా కాసేపు నిలబడగలదు. ఈ పట్టు పెరగడానికే తరువాత వచ్చిన మీటియో ఎల్-డ్రాగో అంచున రబ్బరు పెట్టారు. కథలో మృగం చేసినట్టు చూపించిన పనిని గోదాలో రబ్బరు చేస్తుంది.

మొన కూడా అంతే. చదునైన మొన ఉన్నది గోదా అంతటా పరుగెత్తి దాడి చేస్తుంది, త్వరగా అలసిపోతుంది. సన్నని మొన ఉన్నది మధ్యలో నిలబడి ఎక్కువసేపు తిరుగుతుంది. గోదా గిన్నెలా పల్లంగా ఉండటం వల్ల అన్నీ నడిమికే జారుతాయి కనుక ‘మధ్యలో నిలిచేదాన్ని బయటికి ఎలా తోయాలి’ అన్నదే మొత్తం ఆట. 2023లో మొదలైన బేబ్లేడ్ ఎక్స్‌లో గెలుపు రకాన్ని బట్టి పాయింట్లు మారుతాయి. ఎదుటిది ఆగిపోతే ఒకటి, పక్క గుంటలో పడినా భాగాలుగా విడిపోయినా రెండు, గోదా అంచున ఉన్న పళ్ళ పట్టీని పట్టుకుని దూసుకువచ్చిన దెబ్బకు నేరుగా ఉన్న గుంటలోకి ఎగిరిపోతే మూడు. ఓపికగా నిలబడి ఒక్కొక్క పాయింటు కూడబెట్టాలా, తెగించి మూడు కొట్టాలా అన్న ఆలోచన పదేళ్ళ పిల్లవాడికి తేలికగా అందుతుంది. కనుక మీ కొలబద్దకు బేబ్లేడ్ నిలుస్తుందా లేదా అన్నది చూపించే భాగాన్ని బట్టి ఉంటుంది. దైవమృగం లేచినప్పుడు తెర మీది బొమ్మను ఆపి, ‘ఈ మృగం లేకపోతే ఈ బొంగరం ఎలా గెలిచేది?’ అని పిల్లలను అడగండి. నా తరగతిలో ఈ ప్రశ్నకు వచ్చినన్ని జవాబులు పాఠ్యపుస్తకం చివరి ప్రశ్నలకు ఎన్నడూ రాలేదు.

ఖర్చు గురించి చెప్పాలంటే, బేబ్లేడ్‌కు మూలమైన జపాను పాత బొంగరం బేగోమా అరచేతిలో ఇమిడిపోయే పోత ఇనుము ముక్క. పీపా మీద గుడ్డ పరిచి, దారం చుట్టి, దాని మీదికి విసురుతారు. మన దగ్గర దొరికే కర్ర బొంగరం, ఒక పాత ప్లాస్టిక్ తొట్టి, దాని మీద బిగించిన గోనెగుడ్డ ఉంటే ఆట మొదలైనట్టే. ములుకును కొద్దిగా అరగదీసినదానికి, పదునుగా ఉంచినదానికి తేడాను పిల్లలే పసిగడతారు. ములుకు విషయంలో పెద్దలు దగ్గర ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

మీరు వదిలేసిన ఇంకొకటి ఉంది, నా దృష్టిలో మీ కొలబద్దకు అన్నిటికంటే బాగా సరిపోయేది అదే. టమియా సంస్థ చిన్న బ్యాటరీ కార్ల ఆధారంగా 1996లో వచ్చిన ‘బకుసో క్యోదాయ్ లెట్స్ అండ్ గో’. ఈ కార్లకు రిమోటు ఉండదు, చుక్కాని ఉండదు. ఒకసారి వదిలాక గోడల మధ్య ఉన్న దారిలో పక్క చక్రాలను ఆనించుకుంటూ అవే పోవాలి. అన్నదమ్ములలో తమ్ముడు గో బండి మాగ్నమ్ తిన్నని దారిలో దూసుకుపోతుంది, అన్న రెత్సు బండి సోనిక్ మలుపుల్లో నిలదొక్కుకుంటుంది. కథలో పిల్లలు బండి పక్కన పరుగెత్తుతూ అరుస్తుంటే అది విన్నట్టుగా ప్రవర్తిస్తుంది, అంతవరకు అది కల్పన. కానీ వేగం పెంచిన బండి మలుపులో దారి దాటి ఎగిరిపోవడం, మళ్ళీ విప్పి బరువు మార్చి బిగించడం అన్నవి అచ్చంగా ఆ ఆటలో జరిగేవే. గెలుపోటములు పందెం మొదలు కాకముందే, బండి విప్పిన బల్ల మీద తేలిపోతాయి.


జవాబు
బొమ్మలకొట్టు_గోవిందరాజ (తిరుపతి)

మాస్టారు చెప్పినదంతా బాగానే ఉంది కానీ, అంగట్లో దొరికే చవక నకళ్ళకు బరువు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అటువంటి బొంగరం ఏ మొన పెట్టినా ఊగుతూనే తిరుగుతుంది కనుక పిల్లలు దానితో లెక్కలు వేస్తే తప్పే వస్తుంది. అందుకని నేను కూడా కర్ర బొంగరానికే ఓటు వేస్తాను. అమ్మేవాడినై ఉండి ఇలా చెప్పడం నా వ్యాపారానికి మంచిది కాదు, అయినా చెబుతున్నాను.

బకుగాన్ గురించి ఎవరూ ఎత్తలేదు. 2007లో కెనడాకు చెందిన స్పిన్ మాస్టర్, జపానుకు చెందిన సెగా టాయ్స్ కలిసి తెచ్చిన బొమ్మ అది. గోళీలా చుట్టుకుని ఉన్నది లోహపు చీటీ మీదికి దొర్లగానే అయస్కాంతం లాగడంతో లోపలి కొక్కెం విడిపోయి జంతువులా విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడంలోనే దాని అందమంతా ఉంది. అనిమేలో అది మేడంత మృగమై మాట్లాడుతుంది కనుక కథ చూసినవాడికి చేతిలోని బొమ్మ చప్పగా కనబడుతుంది. స్ప్రింగు పోయిన తరువాత దాన్ని ఎవరూ ముట్టుకోరు. మీ జాబితాలో చేర్చనవసరం లేదు.


జవాబు
చీట్లపేక_కాదు (తిరుపతి)

అక్కా, యు-గి-ఓ మీద మీ విమర్శను ఒప్పుకుంటూనే దాని వెనుక ఉన్న కారణాన్ని చెప్పడానికి రాస్తున్నాను. కజుకి తకాహాషి 1996లో ఈ మాంగాను మొదలుపెట్టినప్పుడు అది చీట్ల కథ కాదు, వారానికొక కొత్త ఆటతో దుర్మార్గులకు బుద్ధి చెప్పే కథ. చీట్ల ఆట అందులో ఒకానొక ఆటగా వచ్చి, పాఠకులకు నచ్చడంతో కథనంతటినీ ఆక్రమించింది. అంటే మీరు చెప్పిన చంద్రుడి ఘట్టం నాటికి రచయిత తన ముందు ఉన్న ఆటకు కథ రాయడం లేదు, కథకు అవసరమైనట్టు ఆటను అల్లుతున్నాడు.

1999లో కొనామి సంస్థ ఆ చీట్లను నిజమైన ఆటగా బజారులోకి తెచ్చిన తరువాత ఆట కథ మెడ వంచింది. మొదటి ద్వీపం పోటీలో పెద్ద మృగాన్ని సైతం ఊరికే దింపేవారు. తరువాతి నగరం పోటీకి వచ్చేసరికి చిన్నవాటిని బలి ఇస్తే తప్ప పెద్దది దిగదన్న నియమం వచ్చింది, అనిమేలో ప్రాణాంకాలు (సున్నా అయితే ఆటగాడు ఓడిపోయే అంకెలు) 2000 నుండి 4000కు పెరిగాయి. బల్ల మీద ఆడే అసలు ఆటలో అవి 8000. కనుక మీ కొలబద్దకు మొదటి పోటీ నిలవకపోయినా రెండవ పోటీ చాలావరకు నిలుస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. ఆ నగరం పోటీలో ఓడినవాడు తన దగ్గరున్న అరుదైన చీటీని గెలిచినవాడికి ఇచ్చుకోవాలి. పిల్లలు కథలో ఏది వదిలినా దీన్ని మాత్రం వదలరు. గోళీల దగ్గర జరిగే తగాదాలు మీకు తెలియనివి కావు.


జవాబు
పద్యాల_పంతులమ్మ (శ్రీకాళహస్తి)

అందరూ బొంగరాల దగ్గరే ఆగిపోయారు కనుక మీరు నెమ్మది అన్న రెండింటి గురించి నేను రాస్తాను.

హికారు నో గోలో తాతగారి అటక మీద దొరికిన పాత గో పలకలో, జపానులో వెయ్యేళ్ళ కిందటి హెయాన్ కాలంనాటి ఆటగాడు సాయి ఆత్మ ఉంటుంది. హికారు అనే ఆరవ తరగతి పిల్లవాడికి మాత్రమే అది కనిపిస్తుంది, వినిపిస్తుంది. ఇందులో మహిమ ఆ ఒక్కటే. పలక మీద జరిగేదాంట్లో మహిమ లేదు. కథలో కనిపించే ఆటల స్థితులకు యుకారి ఉమెజావా అనే వృత్తి క్రీడాకారిణి పర్యవేక్షణ ఉంది, అనిమే భాగాల చివర ఆవిడే పిల్లలకు ఆట నేర్పే చిన్న పాఠం కూడా వచ్చేది. నాకు మరింత నచ్చినది కోమి అనే నియమాన్ని వాడుకున్న తీరు. నల్ల రాళ్ళవాడు ముందు ఆడతాడు కనుక అతడికి కలిగే లాభానికి బదులుగా తెల్లవాడికి కొన్ని పాయింట్లు ముందే ఇవ్వడం నేటి పద్ధతి. సాయి ఆడిన పాత రోజుల్లో ఇది లేదు. అంతటి మహానుభావుడు కూడా కొత్త నియమానికి తగినట్టు తన ఆటను మార్చుకోవలసి వస్తుంది. ఆట అంటే నియమం అని ఇంతకంటే సూటిగా చెప్పిన సన్నివేశం వీటిలో ఇంకొకటి నాకు కనబడలేదు.

పూర్తి పలకకు అడ్డం 19, నిలువు 19 గీతలు ఉంటాయి. పిల్లలకు తొమ్మిదేసి గీతలు చాలు, మొదట రాళ్ళను చుట్టుముట్టి పట్టడం వరకే ఆడించండి. అట్ట మీద గీతలు గీసి, ఒక పక్షానికి మామూలు చింతగింజలు, రెండవ పక్షానికి ఒక వైపు తెల్లగా అరగదీసిన చింతగింజలు ఇస్తే సరిపోతుంది. బారాకట్టె ఆడే ఇళ్ళలో ఈ రెండూ ఉండనే ఉంటాయి. పులిజూదం తెలిసిన పిల్లలకు చుట్టుముట్టడం అన్న ఊహ కొత్తదీ కాదు. పదిహేను మేకలతో మూడు పులులను కదలకుండా కట్టేసినవాడు గోను సగం నేర్చినట్టే.

ఇక చిహాయాఫురు. 2011లో మొదలైన ఈ అనిమేలో ఆట పేరు కరుత. నూరుగురు కవుల నూరు పద్యాల సంకలనం మీద ఆడతారు. చదివేవారు పద్యం పూర్వార్ధం ఎత్తుకోగానే ఉత్తరార్ధం ఉన్న చీటీని ఎదుటివాడికంటే ముందు తాకాలి. నూరింటిలో యాభై చీట్లే నేల మీద ఉంటాయి, మనిషికి ఇరవై అయిదు. వాటి చోట్లను గుర్తుపెట్టుకోవడానికి పదిహేను నిమిషాలు ఇస్తారు. మిగతా యాభై పద్యాలు కూడా చదువుతారు కనుక లేని చీటీ కోసం చేయి వేసినవాడు నష్టపోతాడు. ఎదుటివాడి వైపు చీటీ తీస్తే తన వైపునుండి ఒకటి అటు పంపాలి, ముందుగా ఎవరి వైపు ఖాళీ అయితే వారిది గెలుపు. మొదటి అక్షరంతోనే పోల్చుకోగల పద్యాలు నూరింటిలో ఏడు మాత్రమే. మిగతావాటికి రెండవ అక్షరమో, మూడవదో, ఇంకా ఎక్కువో వినాలి. చిహాయా చెవి గొప్పదని కథ పదేపదే చెప్పడం ఉబుసుపోకకు కాదు, అక్షరం పూర్తిగా పలకకముందే పసిగట్టడం ఈ ఆటలో నిజమైన నేర్పు.

మీ పిల్లలకు జపాను పద్యాలు అవసరం లేదు. వేమన పద్యాలతో ఇదే ఆట ఆడించవచ్చు. ఒక చిక్కు ఉంది. మకుటం అన్నిటికీ ఒకటే కనుక ఉత్తరార్ధాన్ని ఉన్నదున్నట్టు చీటీ మీద రాస్తే సగం అక్షరాలు అన్ని చీట్ల మీదా ఒకేలా ఉంటాయి. మూడవ పాదం ఒక్కటే రాయండి. చదివేవారు మొదటి పాదం నుండి ఎత్తుకోవాలి. ‘అనగననగ’, ‘అనువుగాని’, ‘అల్పుడెపుడు’ మూడూ ఉన్న ఆటలో ‘అ’ విన్నవాడు చేయి గాలిలో ఆపుకోవలసిందే. ‘తల్లిదండ్రి’కీ ‘తప్పులెన్ను’కూ మాత్రం రెండవ అక్షరం పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు, ఒత్తు మొదలవుతుండగానే ‘తల్’ అన్నదీ ‘తప్’ అన్నదీ చెవికి వేరుగా వినబడతాయి. ఒక పద్యం చదవడం అయిపోతే దాని జంటకు వినవలసిన అక్షరాలు తగ్గిపోతాయి కనుక ఆట సాగేకొద్దీ లెక్క మారుతూ ఉంటుంది. పద్యాలు వచ్చిన పిల్లలకూ ఆట వచ్చిన పిల్లలకూ మధ్య తేడా అప్పుడు తెలుస్తుంది.

కింద అక్షరాలు చదవలేని పిల్లల కోసం మీరే కథ చెప్పండి. పోటీ ఘట్టాలకు మాటలు పెద్దగా అక్కరలేదు.


తిరుగు జవాబు
అటక_పుస్తకాలగది

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు గారి సూచన ప్రకారం మెటల్ ఫ్యూజన్‌లోని పోటీ భాగాలను, కర్ర బొంగరాలను మొదటి వారానికి పెట్టుకుంటున్నాను. చిన్న కార్ల కథను చూపించాలని ఉన్నా అందరికీ బండ్లు కొనలేము కనుక దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. యు-గి-ఓను వద్దనుకున్నాను, నియమాల వల్ల కాదు, ఆ పందెం చీటీ వల్ల. మా దగ్గర అన్నదమ్ముల పిల్లలు ఎక్కువ, సాయంత్రం వాళ్ళ తల్లులకు సమాధానం చెప్పుకోవలసింది నేను.

మేడం గారికి ఒక ప్రశ్న. మా పిల్లల్లో కొందరికి పది పద్యాలు కూడా రావు, కొందరికి నలభై వస్తాయి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఆట ముందే తేలిపోదా?


జవాబు
పద్యాల_పంతులమ్మ

తేలిపోతుంది, అందుకే మొదట్లో ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. ఇరవై చీట్లు నేల మీద కలిపి పరిచి, నలుగురైదుగురు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి, ఎవరికి ఎన్ని దొరికితే అన్ని తీసుకోనివ్వండి. జపానులో కూడా ఇళ్ళలో ఇలా చెల్లాచెదురుగా పరిచి ఆడే పద్ధతి ఉంది. పద్యాలు తక్కువ వచ్చిన పిల్లవాడికి ఆ ఇరవైలో తనకు వచ్చిన అయిదారు పద్యాలు తప్పకుండా ఉండేలా చూడండి. అతడు వాటి మీదే కన్నేసి ఉంచుతాడు, ఎక్కువ వచ్చినవాడు అన్నిటినీ చూసుకోవాలి కనుక పోటీ కొంత సమానమవుతుంది. మొదటి రోజు ‘ఉప్పు కప్పురంబు’, ‘గంగిగోవు’, ‘మేడిపండు’ వంటి, మొదటి అక్షరంతోనే తెలిసిపోయేవి ఎక్కువగా వేయండి, ‘అ’తో మొదలయ్యేవాటిని తరువాత ఒక్కొక్కటిగా కలపండి.

ఒక జాగ్రత్త కూడా తీసుకోండి. ఒక పుస్తకంలో ఉన్న పాఠం ఇంకొక పుస్తకంలో ఉండదు, అమ్మమ్మ నేర్పినది రెండింటిలోనూ ఉండదు. చీట్లు రాసే ముందు ఏదో ఒక పుస్తకాన్ని ఎంచుకుని దానికే కట్టుబడి ఉండండి, చదివేవారి చేతిలోనూ అదే ప్రతి ఉండాలి. లేకపోతే చీటీ ఎవరిదన్న తగాదా పక్కకు పోయి పద్యం ఎవరిది సరైనదన్న తగాదా మొదలవుతుంది, దాన్ని తీర్చడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు.